నిచ్చెన మీంచి పడ్డాడు

కొడుకు తుమ్మితే చాలు, ఆమెకు పై ప్రాణాలు పైనే పోయేవి. "అమ్మా, తుమ్మానంతే. ఇంకా బతికే ఉన్నాను" అని వాడు నవ్వినా ఆమె నుదురు పట్టి చూడందే వదిలేది కాదు. వాడిది లిఫ్టులు బాగుచేసే పని. ఏ తాడు ఎప్పుడు తెగుతుందోనని రోజూ రెండు గంటలకు ఫోన్ చేసేది. వాడు ఎత్తకపోతే ఆఫీసుకే చేసేది. ఆఫీసులో ఆమెకు 'రెండు గంటలమ్మ' అని పేరు కూడా పడిపోయింది.

ఆ శనివారం పొద్దున కింది వాటాలో ఉండే బీమా ఏజెంటు, పాలసీ అక్క, ఫారాలు పట్టుకుని పైకి వచ్చింది. రమ్మన్నది కొడుకే. కోడలికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డ కోసం ఏదో ఒక ఏర్పాటు ఉండాలని వాడి ఆరాటం.

"చూడు తమ్ముడూ, జీవిత బీమా అంటే నువ్వు పోయాక ఇంట్లోవాళ్ళకు వచ్చే డబ్బు" అంది పాలసీ అక్క. "తీవ్రవ్యాధి కవర్ అలా కాదు. గుండెపోటో, క్యాన్సరో, పక్షవాతమో వస్తే, నువ్వు బతికుండగానే మొత్తం ఒక్కసారి నీ చేతిలో పెడతారు. ఆస్పత్రికే పెట్టాలని లేదు. అద్దె కట్టుకో, పాపకు పాలు కొను, నీ ఇష్టం."

"అంటే చావకుండా కూడా పనికొస్తుందన్నమాట!"

"నోటికి హద్దూ అదుపూ లేదురా నీకు" అని తల్లి కసిరింది.

"రెండూ ఒకే పాలసీలో కలిపి తీసుకుంటే కట్టేది తగ్గుతుంది. కానీ ఇందులో జబ్బుకిచ్చిన డబ్బు, చావుకిచ్చే దాంట్లోంచి కోసేస్తారు. విడివిడిగా తీసుకుంటే దేని దారి దానిదే. ఈ సంగతి బుర్రకెక్కాకే సంతకం పెట్టు."

"ఎక్కిందిలే అక్కా. కలిపేదే రాయి."

ఎత్తు, బరువు, సిగరెట్లు అన్నీ అయ్యాయి. "నాన్నగారు ఎన్నో ఏట పోయారు? ఎలా?"

"ముప్పై తొమ్మిదో ఏట. కరెంటు పనికెళ్ళి నిచ్చెన మీంచి పడ్డారు." చిన్నప్పుడు బళ్ళో అప్పజెప్పిన పాఠంలా వచ్చింది ఆ జవాబు. నేర్పింది తల్లే.

"సరిగ్గా చెప్పు తమ్ముడూ. ఇక్కడ తప్పు రాశామంటే, తీరా అవసరం పడ్డప్పుడు పాత కాగితాలన్నీ తవ్వుతారు. అప్పుడు పైసా రాదు."

పక్కనే బట్టలు మడతపెడుతున్న తల్లి చేతులు ఆగిపోయాయి. పాలసీ అక్క పెన్ను కాగితం మీద ఆనింది.

"ఆగమ్మా, రాయకు" అంది తల్లి.

ఇద్దరూ తలెత్తారు.

"ఆయన పడినందుకు పోలేదురా. పోయాక పడ్డాడు. ముందు గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. మీ తాతయ్యదీ అదే. నలభై నిండలేదు."

"మరి నాకెందుకు..."

"నీకప్పుడు పదేళ్ళు. భయపడతావని చెప్పలేదు." అక్కడితో ఆపేద్దామనుకుంది. ఇన్నేళ్ళూ తనకు తాను చెప్పుకునేటప్పుడూ అక్కడే ఆపేస్తూ వచ్చింది. కానీ ఆ ఖాళీ గడి తననే చూస్తున్నట్టుంది. "అది కూడా పూర్తి నిజం కాదు. ఆ రోజు పొద్దున ఛాతీ రుద్దుకుంటూ, పట్టేసినట్టుంది, ఇవాళ వెళ్ళనే అన్నాడు. నేను దుప్పట్లు నానబెట్టుకున్నాను. ఇంట్లో ఉంటే కాళ్ళకడ్డమని, గ్యాసై ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళు తాగి వెళ్ళు, తిరిగితే అదే పోతుంది అన్నాను. తాగి వెళ్ళాడు. గుండె అని చెబితే, పొద్దున ఏమైనా అన్నాడా అని ఎవరో ఒకరు అడుగుతారు. నిచ్చెన అంటే ఎవరూ అడగరు."

వాడు అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది. వాడు మెల్లగా చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"మెట్లెక్కుతుంటే నాకూ పట్టేసినట్టుంటోందమ్మా. రెండు నెలలైంది."

"నాకెందుకు చెప్పలేదురా?"

"తుమ్మితేనే ఊరుకోవు నువ్వు. ఇది చెబితే పని మానిపిస్తావు." వాడు నేల వంక చూశాడు. "అయినా మన ఇంట్లో గుండె జబ్బు ఎవరికుందని? గ్యాసేమో అనుకున్నాను."

ఆ మాట వాడి నోట వినేసరికి ఆమె చేతిలో బట్ట కింద పెట్టేసింది. లోకంలోని జబ్బులన్నింటికీ హడలిపోతూ, వాడికి చెప్పవలసిన ఒక్కదాన్నే పదిహేడేళ్ళు కొంగున ముడేసుకుని కూర్చుంది.

పాలసీ అక్క పెన్నుకు మూత పెట్టేసింది. "ఇవాళ ఈ ఫారం ముట్టుకోను. ముందు డాక్టరు. ఏం తేలితే అదే రాద్దాం. ఎక్కువ కట్టమంటారో, గుండెను వదిలేసి మిగతా జబ్బులకే ఇస్తామంటారో, అసలు ఇవ్వమనే అంటారో. లే పిన్నీ, చెప్పులేసుకో."

మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె ఒక్క జాగ్రత్తా చెప్పలేదు. వాడే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

వీధి చివరి క్లినిక్‌లో నర్సు కాగితం తీసింది. "ఇంట్లో గుండె జబ్బు ఎవరికైనా ఉందా?"

వాడు తల్లి వైపు చూశాడు.

"ఉందమ్మా. వీళ్ళ నాన్నకి, తాతకి" అందామె. నర్సు రాసుకుని తర్వాతి గడికి వెళ్ళబోయింది. ఆమె బల్ల అంచు పట్టుకుని మళ్ళీ అంది. "ఆ పొద్దున ఆయన నాతో చెప్పాడు. అది కూడా రాయి."