గాడిలో మాంజా

గోరు కింద చేప పొలుసు గుచ్చుకుంది. గోష్ఠ పాత్ర దాన్ని పీకి లుంగీకి తుడిచి, మళ్లీ రెండు వేళ్లు ట్రామ్ పట్టా గాడిలోకి దించాడు. తడి ఇసుక, సిగరెట్ పీక, సీసా మూత పైకి వచ్చాయి. జానెడు ముందుకు జరిగాడు. మోకాళ్లు కటుక్కుమన్నాయి.

రోజూ అయితే ఈ పని ఇనుప కడ్డీతో చేస్తాడు. మనిషంత కడ్డీ, కొసన చిన్న వంకీ. నిలబడే తోడుకుంటూ పోవచ్చు. కానీ ఈ రోజు విశ్వకర్మ పూజ, పనిముట్టు ముట్టకూడదు. పొద్దున్నే డిపోలో కడ్డీని కడిగి, సిందూరం పెట్టి, ఎర్రదారం చుట్టి దేవుడి ముందు ఆనించి వచ్చాడు. రేపు సాయంత్రం విగ్రహాన్ని గంగలో కలిపేదాకా అది దేవుడిదే.

అంతా అయిపోయిందనుకుంటే మధ్యాహ్నం వాన పడింది. సందు మొదట్లో ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుక కుప్ప కరిగి, మూడు వారాలు అతను బాగుచేసిన గాడిని ఒక్క గంటలో పూడ్చేసింది.

రేపు ఎనిమిదింటికి ఈ సందులోకి ట్రామ్ వస్తుంది. ఆరేళ్లయింది వచ్చి. డిపో గోడకు కాగితం అంటించారు. బండి పంపుతున్నాం, దారి శుభ్రం చేయండి, అని. అంతే ఉంది అందులో. మిగతాది గోష్ఠే కలుపుకున్నాడు. బండి పట్టా తప్పకుండా చివరి షెడ్డుదాకా పోయి వస్తే లైను మళ్లీ తెరుస్తారు. తప్పిందంటే తారు పోసేస్తారు.

"ఏం గోష్ఠదా, ముత్యాలేమైనా దొరికాయా?" పట్టాల మీదే బుట్ట పెట్టుకుని చేపలమ్మే సరమ నవ్వింది.

"రేపు నీ బుట్ట అవతల పెట్టుకో. బండొస్తుంది."

"వస్తుందిలే, పెళ్లికొడుకు వచ్చినట్టు! ఆ కడ్డీ తెచ్చుకుని గీకరాదూ? దేవుడేం చూడొచ్చాడు?"

"ఏడాదంతా చాకిరీ చేసింది. ఒక్కరోజు కూర్చోనీ దాన్ని."

"మరి నిన్నెవరు కూర్చోబెడతారు?"

గోష్ఠ ఇంకో జానెడు ముందుకు జరిగాడు. ముప్పై ఒక్కేళ్లుగా పట్టాల గాడి తోడుతున్నాడు, అందులో పాతికేళ్లు ఈ సందులోనే. సొంతూరు కాంథీ నుంచి వచ్చినప్పుడు మీసం సరిగ్గా రాలేదు. పెళ్లయిన కొత్తలో పారుల్‌ని గంగ ఒడ్డుకు తీసుకెళ్లింది ఈ సందు బండిలోనే. పారుల్ పోయిన మర్నాడు కూడా బండి ఆగలేదు, అతనూ పనికి వచ్చాడు. ఏ అతుకు దగ్గర చక్రం ఎగురుతుందో, ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలడు. అడిగినవాళ్లే లేరు.

పైన మేడల మీద పండగ గాలిపటాలు. తెగినప్పుడల్లా "భో కాట్టా!" అని కేకలు. అచ్చు ప్రెస్సు ముందు మలుపులో ఇసుక లోపల ఏదో చుట్టుకుని ఉంది. లాగాడు. రాలేదు. వేళ్లకు చుట్టి గట్టిగా లాగాడు. మాంజా. గాజుపొడి పూసిన దారం చూపుడు వేలిని ఎముకదాకా కోసింది.

"అయ్యో, ఆపవయ్యా ఇక! మా చేపల చెత్తలో చేతులు పెట్టావు, చీము పడుతుంది," సరమ తన కొంగు చింపి కట్టింది.

గోష్ఠ ఎడమచేత్తో మొదలుపెట్టాడు. దీపాలు వెలిగే వేళకు షెడ్డు తలుపు చేరాడు.

మర్నాడు బండి వచ్చింది. గోష్ఠ ముందు నడిచాడు. ఒక్కచోట కూడా చక్రం ఎగరలేదు. ప్రెస్సు మలుపులో నీళ్లమీద పడవలా తిరిగింది. డ్రైవర్ బలాయి గంట కొట్టి, "వెన్నపూస రాశావా ఏంటి గోష్ఠదా!" అని అరిచాడు. సరమ బుట్ట ఎత్తుకుని, నోరు తెరుచుకుని చూసింది.

షెడ్డులో ఎప్పటినుంచో నిలిచిపోయిన పాత ట్రామ్ పెట్టె ఒకటుంది. బండి దాన్ని గొలుసుతో తగిలించుకుని వెనక్కి లాక్కొచ్చింది. వెంట వచ్చిన కొత్త ఆఫీసరు గోష్ఠ భుజం తట్టాడు.

"భలే చేశావయ్యా. ఈ పెట్టె లోపల ఉన్నన్నాళ్లూ షెడ్డు కొన్నవాళ్లకు అప్పగించడానికి లేదు, పట్టాలు కప్పడానికీ లేదు. సందులో క్రేను పట్టదు. దారి పూడిపోయి ఉంటే ఇంకో పదేళ్లు ఇలాగే పడి ఉండేది."

"అయితే బండి మళ్లీ రాదా బాబూ?"

"ఇంక దేనికి?"

గోష్ఠ కట్టు కట్టిన చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. తన వేళ్లతో తోడిన గాడిలోంచే పాత పెట్టె మెత్తగా, చప్పుడు లేకుండా సందు దాటి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కడ్డీ తెచ్చుకోవడానికి అతను డిపోకు వెళ్లలేదు. నాలుగో రోజుకు చెయ్యి మోచేతిదాకా వాచింది. పదో రోజు పోయాడు. కాంథీ నుంచి ఎవరూ రాలేదు. బలాయి, మరో ఇద్దరు మోశారు. అదే వారం సందులో తారు పోశారు. సరమ బుట్ట ఇప్పుడు చదునుగా కూర్చుంటుంది.

డిపోలో విగ్రహం పెట్టిన మూల ఇప్పుడు ఖాళీ. గోడకు మాత్రం కడ్డీ ఒకటి ఆనించి ఉంది, వంకీ మీద సిందూరం ఎండిపోయి, చుట్టిన ఎర్రదారం ఇంకా విప్పకుండా.