కాళ్ళ కాడి బిడ్డ

ముద్దనూరు దాటాక టైరు పంక్చరైంది. రవికుమార్ స్టెప్నీ మార్చి లేచేసరికి కారులో అమ్మ లేదు.

పులివెందుల నుంచి మైలవరంలో పెళ్ళికి బయల్దేరిన డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ టీచరమ్మ, మోకాళ్ళ నొప్పుల మనిషి, పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చేలోకి దిగి పోతోంది.

"అమ్మా! యాడికి పోతాండావు?"

ప్రసన్నకుమారి తిరిగి చూడలేదు. రోడ్డు వెడల్పు చేయడానికి కంపచెట్లు కొట్టేశారు. అవతల పైకప్పు లేని చర్చి బయటపడింది. ఎన్నోసార్లు ఈ దారిన తిరిగినా అతనికి అది కనిపించనే లేదు. దాని వెనక సమాధుల వరస. అన్నీ మనిషంత పొడవు. ఒక్కటి మాత్రం చాలా పొట్టిది. తలవైపు రాతిశిలువ, పైన ఆకుపచ్చ చాదర్, పక్కన కాలుతున్న ఊదుకడ్డీలు.

శిలువకు చాదరేమిటి?

"వీడే," అంది అమ్మ.

"ఎవరు?"

"మీ అన్న."

రవికుమార్‌కు నలభై నాలుగేళ్ళు. అన్న ఒకడున్నాడని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"జమ్మలమడుగు ఆసుపత్రిలో కాన్పు. నాకు తెలివి లేనప్పుడు పోయినాడంట. మీ నాయన, పాదిరిగారు తెచ్చి పూడ్చినారు. యాడంటే, ముద్దనూరు దోవలో పాత చర్చి ఎనక అనేవాడు. ఇంకో మాట అడిగితే లేచి బయటికి పోయేవాడు. బస్సులో పోయేటప్పుడంతా చూస్తాంటి. కంపే కనపడేది. నేను పోయేలోపల ఒక్కసారి వాని కాడ కూర్చోవల్ల, రవీ."

"చెప్పులిడిచి నిలబడండి!"

మేకలు తోలుకుంటూ ఒక ముసలామె వచ్చింది. పేరు ఖమర్‌బీ అట. ఆ చాదర్ ఆమె కప్పిందే.

"చిన్నపీరు ఆయన. జ్వరమొచ్చిన బిడ్డల్ని తెచ్చి పండుకోబెడితే తగ్గుతాది."

"పీరేంది అవ్వా, శిలువుంది కదా?"

"ఉండనీలేప్పా. ఆయనకు లేని బాధ నీకేంది?"

రాతి మీద అక్షరాలున్నాయేమోనని రవికుమార్ వంగి చూశాడు. అంతా సున్నం. ఈస్టరుకు ముందు తమవాళ్ళ సమాధులకు సున్నం వేసేవాళ్ళు, దిక్కులేని పక్క సమాధులకూ ఓ చెయ్యి వేసి పోతారు. పులివెందులలో తనూ అదే చేస్తాడు. పుణ్యమనుకుని ఏటేటా వేసిన సున్నంలో పేర్లు పూడిపోయాయి.

టైరు విప్పిన స్పానర్ ఇంకా అతని చేతిలోనే ఉంది. గీకబోయాడు.

"గీకొద్దురా నాయనా, పీరుకు కోపమొస్తాది!"

"గీకు," అంది అమ్మ.

పెచ్చులు రాలాయి. ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. ఎవరో దొరగారి కూతురు. అమ్మ పుట్టడానికి వందేళ్ళ ముందటి తేదీ.

"నా బిడ్డ కాదు," అంటూ ప్రసన్నకుమారి అక్కడే కూలబడింది.

"పీరు ఆడపిల్లా?" అంది ఖమర్‌బీ నోరు తెరిచి. రాతిని ఓసారి తడిమింది. "అయితే ఏమిలే, జ్వరం తగ్గుతాంది గదా!" చాదర్ సర్దింది. అమ్మ వైపు తిరిగింది. "నీ బిడ్డ ఎన్నాళ్ళోడు తల్లీ?"

"మూడోనాడు పోయినాడు."

"అంత పసిగుడ్డుకు వేరే సమాధి యాడ కడతారు? మీ వోళ్ళు అట్లాంటి బిడ్డల్ని పెద్దోళ్ళ కాళ్ళ కాడ పెట్టేవోళ్ళంట. ఒంటరిగా ఉంటే బెదురుకుంటారని. మా అత్త చెప్తాండె."

"ఎవరి కాళ్ళ కాడ?"

"నాకేం తెలుసు? ఇంతమంది ఉండారు."

అమ్మ లేచింది. మొదటి సమాధి కొసకు పోయి, వంగి, అరచెయ్యి నేలకు ఆనించింది.

"రవీ," అంది.

"ఏమ్మా?"

"నిన్ను కాదు." తల ఎత్తలేదు. "వానికి అనుకున్న పేరే నీకు పెట్టినాం."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అమ్మ మోకాలు పట్టుకుని లేచి రెండో సమాధి కొసకు నడిచింది. మళ్ళీ వంగింది.

"రవీ."

తనను కాదని తెలుసు. అయినా నోటిదాకా వచ్చిన "ఆఁ" ఆగలేదు.

ఈసారి అమ్మ కాదనలేదు. మూడో సమాధి వైపు కదిలింది.