గాలి దించి వస్తా

తీగ బ్రష్షుతో రిమ్ము అంచు మీది తుప్పు గీకుతున్నాడు. ఎర్రటి పొడి రాలి, చెమట పట్టిన ముంజేతులకి అంటుకుంటోంది. అందరూ అతన్ని పంచరాయన అంటారు. అసలు పేరు భార్యకి తెలుసు. ఆమె కూడా వాడదు.

అతని పంచర్ల షెడ్డు ముందు పాత ట్రాక్టరు వెనకభాగం చెక్కదిమ్మెల మీద నిలబడి ఉంది. ఒక వెనక చక్రానికి పొద్దున్నే కొత్త టైరు ఎక్కించాడు. రెండో చక్రం నేల మీద పడుకుని ఉంది. వాన పడి పొలం పదునెక్కింది. ట్రాక్టరు యజమానికి కాలు నిలవడం లేదు. ఇంటి నుంచి గ్రీజు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు.

“ఇది రాస్తే జర్రున ఎక్కుతుంది కదయ్యా.”

“ఎక్కుతుంది. తర్వాత పొలంలో రిమ్ము తిరుగుతుంది, టైరు తిరగదు. ట్యూబు వాల్వు తెగుతుంది. అది అవతల పెట్టండి.”

సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి టైరు అంచుకి చుట్టూ రాశాడు. లోపల ట్యూబు మడత పడిందేమోనని చెయ్యి దూర్చి తడిమాడు. చక్రానికి గొలుసు చుట్టాడు. వాల్వుకి పొడుగాటి గొట్టం తగిలించి, కంప్రెసరు దగ్గరికి, గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

“పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టినట్టు కూర్చోబెడుతున్నావే!” అన్నాడు యజమాని.

“పెళ్ళికూతురు లేచి తన్నదండీ. ఇది తంతుంది. ఇటు రండి.”

గాలి ఎక్కింది. టైరు ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగింది. దాని పక్కన అచ్చుపోసిన సన్నటి గీత రిమ్ముకి చుట్టూ ఒకే దూరంలో కనబడాలి. ఒకవైపు కనబడింది. ఇంకోవైపు రిమ్ము కిందికి మునిగిపోయింది. మీటరు ముల్లు ఎర్రగీతకి తాకగానే గాలి కట్టేశాడు. ఆ గీత అతను స్వయంగా రంగుతో గీసుకున్నదే.

“ఇంకొంచెం కొట్టు. అదే కూర్చుంటుంది.”

“గీత దాటను.”

అప్పుడొచ్చింది మరదలు. నడిచొచ్చిందో పరిగెత్తిందో, పమిట చెంగు భుజం మీద లేదు.

“బావా, అక్క రమ్మంటోంది. ఆయాసం ఎక్కువైంది. డాక్టరు కోసం మనిషిని పంపాను.”

పొద్దున భార్య మంచం మీద కూర్చుని, “ఇవాళ పోకపోతే ఏం?” అని అడిగింది. పెద్ద చక్రాలొచ్చాయని చెప్పి బయల్దేరాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగడం ఎప్పుడో మానేసింది. నన్ను కట్టుకోకముందే టైరుని కట్టుకున్నాడని ఇరుగుపొరుగుకి చెప్పి నవ్విస్తుంది.

“పద. గాలి దించి వస్తా.”

“అక్క కంటే గాలి ఎక్కువైందా?”

“నువ్వెళ్ళవయ్యా, నేను చూసుకుంటాను,” అన్నాడు యజమాని. అతని కళ్ళు కంప్రెసరు మీద ఉన్నాయి.

పని నేర్పినాయన ఒకసారి సగం కూర్చున్న టైరుని గాలితో వదిలేసి టీకి వెళ్ళాడు. లారీ డ్రైవరొకడు నీడ చూసుకుని దాని మీద కూర్చున్నాడు. అది పేలాక రిమ్ముకంటిన నెత్తురు కడిగింది పంచరాయనే.

మరదలు వెళ్ళిపోయింది. గొట్టంలోంచే కొంత గాలి వదిలి, దగ్గరికెళ్ళి వాల్వులో పిన్ను ఊడదీశాడు. గాలి బుస్సుమని చాలాసేపు పోయింది. టైరు మెత్తబడింది. ఇక ఎవరు కూర్చున్నా భయం లేదు.

అప్పుడిక వెళ్ళిపోవచ్చు.

మునిగిన వైపు వంగి చూశాడు. రిమ్ము అంచుకి వేలెడంత మేర తుప్పు మిగిలి ఉంది. గీకింది తనే. వదిలేసింది తనే. బ్రష్షు తీశాడు. గీకి, మళ్ళీ సబ్బునీళ్ళు రాసి, టైరుని కొంచెం తిప్పాడు. గాలి దించడం అవసరం. మళ్ళీ ఎక్కించడం అవసరం కాదు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. పిన్ను బిగించకుండానే గొట్టం తగిలించి గోడ పక్కకి వెళ్ళాడు.

ముల్లు ఎర్రగీత దాకా రాకముందే టైరు ఒక అంచు ఠప్పుమని రిమ్ములో కూర్చుంది. కాసేపటికి రెండో అంచు కూడా ఠప్పుమంది. టైరు మీది సన్నగీత చుట్టూ ఒకే దూరంలో నిలిచింది. మొహం మీదికి నవ్వొచ్చింది. గాలి దించి ట్యూబుని సర్దుకోనిచ్చాడు. పిన్ను బిగించి మళ్ళీ నింపాడు. చక్రం లేపి ట్రాక్టరుకి బిగించడానికి యజమాని కూడా చెయ్యేశాడు. దిమ్మెలు తీశాక ట్రాక్టరు వంకర లేకుండా నిలబడింది.

“నీ చెయ్యి చెయ్యేనయ్యా,” అన్నాడు యజమాని.

ఇల్లు వెనక వీధిలోనే. వాకిట్లో జనం పక్కకి జరిగి దారిచ్చారు. డాక్టరు చేతులు తుడుచుకుని బయటికొస్తున్నాడు. ఎవరూ ఏడవడం లేదు. మరదలు అక్క గడ్డం కింద గుడ్డ కడుతోంది. తలెత్తలేదు.

“ఏమైనా అందా?” అని అడిగాడు.

“నీ కోసం అడిగింది. గాలి దించి వస్తానన్నాడని చెప్పాను.”

“ఏమంది?”

“‘అయితే ఇప్పట్లో రాడులే’ అంది. నవ్వింది కూడా.”

మంచం దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు తగిలి ఆమె రబ్బరు చెప్పుల్లో ఒకటి బోర్లా పడింది. పట్టీ ఊడిపోకుండా అడుగున ఆమె గుచ్చుకున్న పిన్నీసు, నేలకి రాసుకుని రాసుకుని, తెల్లగా మెరుస్తోంది.