నిలవ నీళ్ళు

రొయ్యలకు సెలైన్ ఎక్కించడం హిడ్మే మొదటిసారి చూసింది ఆ ఇంట్లోనే.

చక్రధరరావు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద గాజు తొట్టి, నేల మీద స్టీలు గిన్నె. గిన్నెలో పన్నెండు ఎర్ర రొయ్యలు, ఒక్కొక్కటి వేలిగోరంత. విశాఖ నుంచి రైల్లో, గాలి నింపిన కవరులో వచ్చాయి. ఆస్పత్రిలో వాడే సన్నటి గొట్టం ఒకటి తొట్టిలోంచి గిన్నెలోకి దిగి ఉంది. తొట్టి నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి.

"ఒక్కసారిగా కొత్త నీళ్ళలో వేస్తే బతకవు. మెల్లగా అలవాటు చెయ్యాలి," అన్నాడాయన.

"పెళ్ళై వచ్చాక బచేలీ నీళ్ళు నాకు పడ్డానికి ఆర్నెల్లు పట్టింది. అప్పుడు తేలేదేటి ఈ గొట్టం?" అంది రామతులసి వంటింట్లోంచి.

హిడ్మే నవ్వు కొంగుతో దాచుకుంది. ఆమెది మద్దేడ్ దగ్గర పల్లె. బచేలీ ఇనుపగనుల కంపెనీ క్వార్టర్లో ఈ దంపతుల దగ్గర పనికి చేరి ఏడు నెలలైంది. జీతంకంటే ఆమెకు ముఖ్యం వెనక గది. అందులో కూర్చుని ఓపెన్ స్కూల్ పన్నెండో తరగతి పరీక్షకు చదువుకుంటోంది. పరీక్ష ఇంకో నెలన్నర. ఈ గది పోతే ఊరికి పోవాలి. ఊళ్ళో ఇప్పపువ్వు ఏరే రోజులు, పుస్తకం పట్టుకుని కూర్చుంటానంటే ఎవరూ కూర్చోనివ్వరు.

తొట్టి చిన్నది, రెండు బిందెల నీళ్ళు పడతాయి. మూడు వారాలుగా అందులో మొక్కలు తప్ప ఏమీ లేవు. మొక్కలతో పాటు ఎక్కణ్ణుంచో మిరియపు గింజంత నత్తలు వచ్చాయి. పని అయ్యాక హిడ్మే వాటినే చూస్తూ ఉండేది.

రొయ్యల్ని వదిలాక రావు భార్యతో చెప్పాడు. "ఎండలకి నీళ్ళు తగ్గిపోతాయి. నేను ఆదివారం పోస్తాను. మధ్యలో తగ్గితే నువ్వు పొయ్యి. కుళాయి నీళ్ళు మాత్రం నేరుగా పొయ్యకు, వాటిలో మందు ఉంటుంది. నిలవ నీళ్ళే పొయ్యాలి."

"నిలవ నీళ్ళకేటి కొదవ మనింట్లో," అందామె.

మంగళవారం రెండు రొయ్యలు చచ్చి పడి ఉన్నాయి. శుక్రవారం ఇంకో రెండు. నిగనిగలాడే ఎరుపు పోయి, పాలిపోయిన గులాబీ రంగులో మసకబారి, అచ్చం ఉడికినట్టున్నాయి.

"ఏటే, తొట్టిలో చెయ్యి పెట్టావా?" రామతులసి అడిగింది. "నేల తుడిచిన ఫినాయిల్ చెయ్యి?"

"పెట్టలేదమ్మా."

"మీ వైపు ఇవి తింటారు కదా?"

"తింటం. ఇంతింతవి ఎవరు తింటరమ్మా? యాభై పట్టినా ముద్దలోకి రావు."

ఆ రోజు నుంచి హిడ్మే హాలు తుడుస్తుంటే రామతులసి గుమ్మంలో నిలబడి చూసేది. బల్ల దగ్గరికి వచ్చేసరికి, "అక్కడొద్దు, నేను తుడుచుకుంటాను," అనేది.

హిడ్మేకూ ఒక అనుమానం పుట్టింది. ఉడికినట్టున్నాయంటే ఎవరో వేడినీళ్ళు పోసి ఉండాలి. అమ్మగారికి ఆ తొట్టి అంటే మొదటి నుంచీ గిట్టదు. అంతకుముందు ఆ బల్ల మీద ఆమె కుట్టుమిషను ఉండేది. ఇప్పుడది మంచం కింద ఉంది.

ఇలా ఒకరినొకరు కాపలా కాసుకుంటుంటే, తర్వాతి మంగళవారం మూడు చచ్చాయి. భోజనాల దగ్గర రామతులసి గొంతు తగ్గించి భర్తతో అంది, "తోంగ్‌పాల్‌లో పనికి ఒకమ్మాయి ఉందట. నెమ్మదస్తురాలట. ఆదివారం రమ్మందామా?" గొంతు తగ్గించినా ఆ మాట గిన్నెలు తోముతున్న హిడ్మే దాకా వచ్చింది. రావు కాదనలేదు. మిగిలిన అయిదు రొయ్యల వంకే చూస్తూ అన్నం కలిపాడు.

హిడ్మే మర్నాటి నుంచి రొయ్యల్ని వదిలేసి, అవే నీళ్ళలో బతికే నత్తల్ని మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. అవి రోజంతా మొక్కల మొదళ్ళలో పాకుతాయి. గురువారం పొద్దున స్నానం, పూజ ముగించుకుని రామతులసి చెంబుతో వచ్చింది. చెంబు మీద ఆవిరి లేదు. నీళ్ళు మెల్లగా, చెయ్యి అడ్డం పెట్టి మొక్కలు కదలకుండా, ఎంతో శ్రద్ధగా పోసింది. వేడినీళ్ళ అనుమానం అక్కడితో పోయింది. కానీ గంట తిరిగేసరికి నత్తలన్నీ గాజు పట్టుకుని పైకి పాకి, నీటి అంచు దాటి కూర్చున్నాయి. కిందటి ఆదివారం సారు పెరట్లోని బకెట్ నీళ్ళు పోసినప్పుడు ఒక్కటీ కదల్లేదు.

హిడ్మే వంటింట్లోకి వెళ్ళి చూసింది. చెంబు రాగి బిందె పక్కన తడితడిగా ఉంది. రాత్రి ఆ బిందెలో పట్టి ఉంచిన నీళ్ళు పొద్దున్నే పరగడుపున తాగడం అమ్మగారి అలవాటు. ఇంట్లో అంతకంటే మంచి నీళ్ళు లేవని ఆమె నమ్మకం.

నోటితో చెబితే తప్పు తన మీద వేసుకోలేక ఎదురు చెబుతోందనుకుంటారు. హిడ్మే రెండు గాజు గ్లాసులు తీసింది. ఒకదాంట్లో బకెట్ నీళ్ళు, రెండోదాంట్లో బిందె నీళ్ళు పోసి, రెండేసి నత్తల్ని వేసింది. గట్టు మీద పెట్టి కూరగాయలు తరుగుతూ కూర్చుంది.

"ఏటిది? తొట్టిలో చెయ్యి పెట్టొద్దన్నానా?" రామతులసి వచ్చింది.

"పెట్టిన. ఇయ్యాల ఒక్కసారే పెట్టిన. చూడండమ్మా."

ఒక గ్లాసులో నత్తలు అడుగున తిరుగుతున్నాయి. రెండోదాంట్లో ఒకటి అంచు ఎక్కింది, ఇంకొకటి దాని వెనకే ఎక్కుతోంది. రామతులసి వంగి చాలాసేపు చూసింది.

"అవెక్కడి నీళ్ళు?"

"మీ బిందెలయే."

"సారే చెప్పారు నిలవ నీళ్ళని."

"సార్ నిలవ పెట్టేది బకెట్ల, అమ్మా. పెరట్ల."

రామతులసి గ్లాసు చేతిలోకి తీసుకుని వాసన చూసి, మళ్ళీ పెట్టేసింది. తర్వాత అటూ ఇటూ చూసి, "సరే, ఇక పొయ్యనులే. ఈ మాట సారుతో అనకు," అంది.

హిడ్మే కత్తిపీట మీంచి చెయ్యి తీసింది. "చెప్పకపోతే నా పేరే ఉంటది కదమ్మా. తోంగ్‌పాల్ పిల్ల వస్తది."

రామతులసి మొహం ఎర్రబడింది. ఆ మాట ఈ పిల్ల విన్నదని ఆమెకు అప్పుడే తెలిసింది. హాల్లోకి వెళ్ళిపోయింది.

మూడింటికి రావు డ్యూటీ నుంచి వచ్చాడు. హిడ్మే మంచినీళ్ళు పెట్టి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. భర్త రెండు ముద్దలు తినేదాకా రామతులసి ఊరుకుంది.

"నిలవ నీళ్ళన్నావు. బకెట్లో నిలవ అన్నావా?"

"మరెందులో ఉంటాయి?"

ఆమె గడ్డంతో రాగి బిందెను చూపించింది.

రావు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "రాగా? పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, రొయ్యలకి రాగి విషమని."

"పుస్తకం నువ్వు చదివావు, నీళ్ళు నేను పోశాను. నాకెలా తెలుస్తాది? దీని చెయ్యి పడలేదు. నేనే అనుమానపడ్డాను." తర్వాత, ఎవరి వంకా చూడకుండా, "ఇక ఆ నీళ్ళేవో హిడ్మేనే పోస్తాది. తోంగ్‌పాల్ వాళ్ళకి వద్దని ఫోన్ చెయ్యి," అంది.

సాయంత్రంలోగా రావు సగం నీళ్ళు తీసేసి, బకెట్ నీళ్ళు గొట్టంతో చుక్కచుక్కగా నింపాడు. మిగిలిన రొయ్యలు నాచు కింద దాక్కున్నాయి. లెక్కపెట్టనివ్వలేదు కానీ, చచ్చి తేలినవి మాత్రం లేవు.

మర్నాడు పొద్దున హిడ్మే తొట్టి అద్దం తుడుస్తోంది. ఈసారి గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. వంటింట్లో రామతులసి బిందెలోంచి గ్లాసు ముంచి, నోటి దాకా తెచ్చి, ఆగింది.

"నత్తలకైతే పడవు. మనుషులకి మంచివే కదే?"

"ఏమో అమ్మా," అంది హిడ్మే తుడుస్తూనే. "తాగండి, చూస్తా."