ఒక్కసారే చెప్పే హెచ్చరిక

అశోక్‌నగర్‌లో ఆ హాస్టల్ బిల్డింగ్ లిఫ్టు నాలుగో అంతస్తు దాటి, మూడో అంతస్తుకు అందకుండా మధ్యలో ఆగిపోయింది. లోపల ఇద్దరే. ఒకరు త్రివేణి, గ్రూప్స్ కోసం మూడేళ్లుగా పుస్తకాలకు అతుక్కుపోయిన పిల్ల. చేతిలో హాల్‌టికెట్టు. రెండోది ఆమె పక్క గది భాగ్యశ్రీ, నారాయణగూడలో ఉద్యోగం. పరీక్ష చిక్కడపల్లి అవతల కాలేజీలో. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు తియ్యరు. ఆ సంగతి అశోక్‌నగర్‌లో చాయ్ బండివాణ్ణి అడిగినా చెబుతాడు.

త్రివేణి ముందుగానే బయల్దేరింది కాబట్టి ధైర్యంగానే ఉంది. కంగారుపడింది భాగ్యశ్రీయే. ఈ లిఫ్టును నడిపే బోర్డు ఆమె కంపెనీదే మరి. ట్రయల్ కోసమని ఓనరును బతిమాలి పెట్టించింది ఆమే. బోర్డును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అట్టడుగున ఉండే కర్నెల్ కోడ్ ఆమె చేతి పనే.

మొదట్లో ఆ కర్నెల్ పరమ వాగుడుకాయ. ‘మూడో అంతస్తు తలుపు సెన్సర్ జవాబు ఆలస్యం’ అని పొద్దస్తమానం వార్నింగు. కింద కంట్రోల్ డబ్బా మీద ఎర్ర లైటు, మెకానిక్ మొగిలయ్య నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మేనేజరు విద్యాసాగర్‌కు చిర్రెత్తుకొచ్చి, బోర్డు కొనేవాళ్లు చూడటానికి వచ్చేలోపు ఈ గోల తగ్గాలని తేల్చేశాడు. పనికిరాని వార్నింగులు తగ్గించడం మంచి పనే, ఎవరు కాదన్నారు? చాలావాటికి ఆమె కారణం వెతికి, సరిచేసే తీసేసింది. ఈ ఒక్కదానికి కారణం దొరకలేదు, ఓపికా అయిపోయింది. బోర్డు ఆన్ అయ్యాక ఒక్కసారి చెప్పి, ఇక నోరు మూసుకునేలా రాసేసింది. మిగతాది తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత అనేది ఏనాడైనా వచ్చిందా తల్లీ! బోర్డుకు బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా ఆరిపోదు. చెప్పాల్సిన ఒక్క మాటా కొత్త కోడ్ ఎక్కించిన రోజే చెప్పేసింది, మొగిలయ్య చెరిపేశాడు.

ఇప్పుడు, లిఫ్టు ఆగిందని వచ్చిన మొగిలయ్య గొంతు తలుపు సందులోంచి వినిపించింది. డబ్బాలో వార్నింగేమీ లేదట, మోటారు సంగతే అయి ఉంటుందట, మేడపైకి పోయి చూస్తాడట.

మోటారు కాదని, తలుపు మూసుందని మూడో అంతస్తు సెన్సర్ చెప్పకే లిఫ్టు ఆగిందని భాగ్యశ్రీకి తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల వింటుంది. మొగిలయ్య ఓనరుకు చెబుతాడు, ఓనరు విద్యాసాగర్‌కు చెబుతాడు, ఉద్యోగం ఊడినా ఊడుతుంది. మొగిలయ్య పైన ఏదో కదిలిస్తే లిఫ్టు దానంతటదే దిగకపోతుందా అని ఆశపడింది. పిరికితనం కాక మరేమిటి? మొగిలయ్య చెప్పుల చప్పుడు మెట్లెక్కి దూరమైపోయింది. లిఫ్టులో ఫ్యాను కూడా తిరగడం లేదు.

మొగిలయ్య ఎంతకూ దిగలేదు, పరీక్ష టైము దగ్గరపడింది. త్రివేణి మెల్లగా అంది. “మొన్నటి సంది మూడో ఫ్లోర్ తలుపు జర ఆగి పడుతుండె అక్కా. మొగిలయ్య అన్నకు చెప్పిన. ఆయన డబ్బ చూసిండు. గట్లేమన్న ఉంటే దీంట్ల వస్తది, నువ్వు పోయి చదువుకో అన్నడు.”

భాగ్యశ్రీకి సిగ్గేసింది. తను యంత్రం నోరే కదా మూసింది అనుకుంటే, ఈ పిల్ల మాటకూ విలువ లేకుండా చేసింది. తలుపు మీద రెండు చేతులతో బాదింది. మొగిలయ్య దిగి వచ్చేదాకా బాదుతూనే ఉంది.

“అన్నా, డబ్బను నమ్మకు. అది చెప్పకుండ నేనే చేసిన. మూడో ఫ్లోర్ తలుపు సెన్సర్ చూడు.”

చూశాడు. సెన్సర్ వైరు వదులైంది. బిగించగానే లిఫ్టు బుద్ధిగా దిగింది.

భాగ్యశ్రీ స్కూటీ మీద ఇద్దరూ చిక్కడపల్లి సందుల్లో పడి దూసుకెళ్లారు. కాలేజీ ముందుకు చేరేసరికి గేటుకు తాళం వేస్తున్నారు. త్రివేణి ఊచలు పట్టుకుని బతిమాలింది, దండం పెట్టింది. లోపలున్న కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

త్రివేణి ఫుట్‌పాత్ మీద కూలబడింది. ఏడవలేదు. భాగ్యశ్రీ పక్కన కూర్చోబోతే, కూర్చోకముందే అడిగింది.

“మొగిలయ్య అన్న మోటర్ కాడికి పోకముందే నీకు ఎరుకేనా అక్కా?”

“ఎరుకే,” అంది భాగ్యశ్రీ.

త్రివేణి హాల్‌టికెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది. స్కూటీ ఎక్కమంటే వద్దంది. లేచి, ఆమె వైపు చూడకుండా అశోక్‌నగర్ దారిన నడిచిపోయింది.