పద్నాలుగా, పదిహేడా

ఏ రోజున ప్రపంచంలో ఏం జరిగిందో మంచినీళ్ళు తాగినంత సులువుగా చెప్పే మనిషి ఒకడు ఆ దినపత్రికలో ఉండేవాడు. జూలై పద్నాలుగంటే బాస్టీల్ కోట బద్దలైన రోజు. జూలై పదిహేడంటే ఆకాశంలో రెండు దేశాల నౌకలు ఒకదానికొకటి అతుక్కున్న రోజు. మూడో పేజీ అడుగున ‘ఈ రోజున’ అనే చిన్న డబ్బాలో రోజుకి అయిదు సంఘటనల చొప్పున ఇరవై రెండేళ్ళుగా వేస్తున్నాడు. అందుకే ఆఫీసులో అందరూ అతన్ని తారీఖులయ్య అనేవారు. పెళ్ళాం పుట్టినరోజు మాత్రం తరచూ మర్చిపోయేవాడు. పాపం, దానికి కార్డు లేదు మరి.

కార్డులే అతని ఆస్తి. బల్ల పక్కన పన్నెండు సొరుగుల చెక్క బీరువా, అందులో రోజుకో అర చొప్పున మూడువందల అరవై ఆరు అరలు. ప్రతి అరలోనూ పోస్టుకార్డంత అట్టముక్కలు, ఒక్కో ముక్క మీద ఒక్కో సంఘటన. వాటిని ఇంకొకరు ముట్టుకుంటే అతనికి ఒళ్ళు మండేది. పాఠకులెవరైనా తప్పు పట్టారా, ఇక అంతే సంగతులు. “చంద్రుడి మీద కాలుపెట్టింది ఇరవై కాదు, ఇరవై ఒకటి” అని ఒకాయన రాస్తే, తూర్పున గడియారాల్లో తెల్లారిపోయినా అక్కడివాళ్ళకి ఇరవయ్యేనని రెండు పేజీల జవాబు పంపాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. కాకపోతే నూటికి తొంభైసార్లు ఆ కుందేటికి నిజంగానే మూడు కాళ్ళుండేవి, అదీ చిక్కు.

ఆ గురువారం, అంటే జూలై పదహారున, అతను మర్నాటి డబ్బా సిద్ధం చేస్తున్నాడు. చొక్కా జేబులో వాళ్ళమ్మ కొట్టు తాళాలున్నాయి. వంగినప్పుడల్లా అవి గుండెకి గుచ్చుకుంటున్నాయి.

వాళ్ళమ్మకి డెబ్భై రెండేళ్ళు. బజారులో చిన్న కొట్టు ఆవిడది. బొత్తాలు, జిప్పులు, దారాలు, లైనింగు గుడ్డ అమ్ముతుంది. ఊళ్ళో దర్జీలందరూ ఆవిణ్ణి బొత్తాలమ్మ అంటారు. చొక్కా చూపిస్తే చాలు, గోడ నిండా ఉన్న సీసాల్లోంచి దానికి సరిపోయే బొత్తాన్ని చూడకుండానే తీసిస్తుంది. అలాంటి మనిషికి మతి తప్పుతోందని రెండు రోజుల క్రితం తేలింది.

తేల్చింది అక్క. మంగళవారం సాయంత్రం ఆవిడ జిప్పు కోసం కొట్టుకెళ్తే తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. తోసి చూస్తే లోపల అమ్మ దీపం వేసుకోకుండా స్టూలు మీద చేతులు ముడుచుకుని కూర్చుంది. గిరాకీ టైములో ఇదేమిటమ్మా అంటే, “ఇవాళ మీ నాన్న పోయిన రోజు కదే” అంది. అక్కకి గుండె జారిపోయింది. నాన్న పోయింది పదిహేడున. అది ఇంటిల్లిపాదికీ తెలుసు, పేపరు చదివే ఊరందరికీ కూడా తెలుసు. ఎందుకంటే ఆయన పోయిన లాంచీ ప్రమాదాన్ని ఏటా పదిహేడో తేదీ డబ్బాలో అయిదో అంశంగా వేసేది సాక్షాత్తూ ఆయన కొడుకే.

బుధవారం అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన వరసగా ప్రశ్నలు వేశాడు.

“ఇవాళ ఏ వారం పెద్దమ్మా?”

“బుధవారం. మీ గోడ మీద కేలండరే ఇంకా జూన్‌లో ఉంది నాయనా.”

డాక్టరు నవ్వాడు. “మీ ఆయన పోయిందెప్పుడు?”

“జూలై పద్నాలుగు.”

డాక్టరు తల తిప్పి తారీఖులయ్య వైపు చూశాడు. అమ్మ కూడా చూసింది. ఆ చూపేమిటో అతనికప్పుడు తెలియలేదు. “పదిహేడండీ” అన్నాడు, ఎంత నమ్మకంగా అన్నాడంటే డాక్టరు మరోమాట అడక్కుండా కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. భర్త పోయిన రోజే తారుమారయిందంటే మొదలైనట్టే, ఒంటరిగా కొట్టులో ఉంచడం మంచిది కాదు అన్నాడు. కొట్టులో ఇస్త్రీపెట్టె కూడా ఉంది, ఆపకుండా మర్చిపోతే ఏంగాను అని అక్క భయం. శనివారం కొట్టు ఖాళీ చేసి, తాళాలు ఇంకెవరికో ఇచ్చెయ్యాలని నిర్ణయమైపోయింది. అమ్మ తన మెళ్ళోంచి తాళాల తాడు తీసి కొడుకు చేతిలో పెట్టింది. అరిచినా బాగుండేదని అతనికి రాత్రంతా అనిపించింది.

ఇప్పుడా తాళాలు జేబులో పెట్టుకుని అదే అయిదో అంశం రాయబోతుంటే కొత్త ఎడిటరమ్మ వచ్చింది. చేతిలో ఒక ఉత్తరం.

“ఈ పెద్దాయన ఏటా రాస్తున్నాడట. లాంచీ మునిగింది పద్నాలుగున, మీరు ప్రతి ఏడూ తప్పే వేస్తున్నారంటున్నాడు. చూశారా?”

తారీఖులయ్య చూశాడు. ఆ చేతిరాత ఎరిగినదే. ప్రతిసారీ ‘మా పాత సంచికల ప్రకారం పదిహేడే సరైనది’ అని ఒకే జవాబు కొట్టి పడేసేవాడు. ఇప్పుడు మాత్రం పద్నాలుగు అన్న అంకె కనపడగానే ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివాడు. పద్నాలుగేమిటి? ఇతనికీ పద్నాలుగేనా? ఇద్దరు ముసలివాళ్ళకి ఒకే మతిమరుపు, అదీ ఒకే అంకెతో వస్తుందా?

“ఆ సంచిక మీరు చూశారు కదా?” అంది ఎడిటరమ్మ.

“చూశానండీ” అన్నాడు.

చూడలేదు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

ఆ కార్డు అతను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు రాసింది. పని నేర్పిన పాత ఉపసంపాదకుడు ఒకటే సూత్రం చెప్పాడు. “పొద్దున్న పేపర్లో వచ్చేది నిన్నటి సంగతి. పేపరు తేదీలోంచి ఒకటి తీసెయ్, కార్డు మీద వేసెయ్.” అలా వేలకొద్దీ కార్డులు రాశాడు. లాంచీ సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సంపుటం తెరవడానికి చేతులు రాలేదు. మూడేళ్ళ వయసులో పోగొట్టుకున్న తండ్రి. లాంచీలో టికెట్లు కొట్టే గుమాస్తా. శవం కూడా దొరకలేదు. ఆ పేజీలో ఏ బొమ్మ ఉంటుందో ఏమో. అందుకని శీర్షికల పట్టీలో మాత్రం చూశాడు. ‘లాంచీ మునక: పద్దెనిమిదో తేదీ, మొదటి పేజీ.’ ఒకటి తీసేశాడు. పదిహేడు.

ఆ ఏడు డబ్బాలో వేసి పేపరు పట్టుకుని పరుగున అమ్మ దగ్గరికెళ్ళాడు. అంతవరకు ఇంట్లో నాన్న రోజంటూ ఒకటి లేదు. ఆవిడ చెప్పలేదు, పిల్లలు అడగలేదు. చదివి, “పద్నాలుగు కదరా?” అంది నెమ్మదిగా. “పేపర్లో పదిహేడమ్మా, నీకు గుర్తులేదు” అన్నాడు. ఆవిడ పేపరు మడిచి పెట్టెలో దాచుకుంది. ఆ ఏటి నుంచీ పదిహేడున సెలవు పెట్టి అమ్మ పక్కన కూర్చోవడం అతనికి అలవాటయింది.

తారీఖులయ్య మెట్లు దిగి పాత సంపుటాల గదికి వెళ్ళాడు. అక్కడి బైండరు నిచ్చెనెక్కి, దుమ్ము దులిపి, నలభై ఆరేళ్ళనాటి జూలై తెచ్చి బల్ల మీద పడేశాడు. పేజీలు తిప్పాడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. తర్వాత పద్దెనిమిది.

“మధ్యలో పేపర్లేవయ్యా? ఎవరో చింపేశారు!”

బైండరు వేలితో కుట్టు తడిమి చూశాడు. “చింపితే కుట్టు దగ్గర పీచు మిగులుతుంది సార్. ఏమీ లేదు. అసలు కుట్టలేదంటే పేపరే రాలేదన్నమాట.”

పద్దెనిమిదో తేదీ పేపరు నెత్తిన గీతల డబ్బాలో ఉంది జవాబు. అచ్చు యంత్రం విరిగి మూడు రోజులు పత్రిక వెలువడలేదనీ, పాఠకులు మన్నించాలనీ. దాని కిందనే పెద్దక్షరాల్లో: పద్నాలుగో తేదీ సాయంత్రం రేవు నుంచి బయల్దేరిన లాంచీ... చివర్లో ఒక వాక్యం: టికెట్ గుమాస్తా ఆచూకీ తెలియలేదు.

బొమ్మ ఏదీ లేదు. ఇరవై రెండేళ్ళు అతను భయపడిన బొమ్మ అసలు లేనే లేదు.

పైకొచ్చి బీరువా ముందు నిలబడ్డాడు. ఆ మూడు రోజుల్లో ఇంకెవరెవరు పోయారు? ఎన్ని వంతెనలు కట్టారు? యంత్రం ఇంకెన్నిసార్లు విరిగింది? ఒక సొరుగు లాగాడు, మూశాడు, ఇంకోటి లాగాడు. మార్చిలో పెట్టాల్సిన కార్డు చేతిలో ఉంది, ఎక్కడినుంచి తీశాడో గుర్తులేదు. అక్టోబరు విప్లవం నవంబరులో ఎందుకొచ్చిందో పిల్లలకి సైతం విడమరచి చెప్పే మనిషికి, ఆ క్షణాన ఇవాళ తారీఖెంతో ఠక్కున తట్టలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ప్రపంచంలో రాజులందరి చావులూ తెలిసినవాడికి తండ్రి చావు తెలియలేదు. అది తెలిసిన ఒక్క మనిషికీ మతి లేదని డాక్టరు ముందు సాక్ష్యం చెప్పి వచ్చాడు.

“తప్పా, ఒప్పా?” అంది ఎడిటరమ్మ.

“తప్పేనండీ. ఇందాక మీతో చూశానన్నది కూడా అబద్ధం.” చేతిలోని మార్చి కార్డు బల్ల మీద పెట్టాడు. “నాకు అర్జెంటుగా బొత్తాల కొట్టుకెళ్ళాలి.”

ఎడిటరమ్మ అతని చొక్కా వైపు చూసింది. బొత్తాలన్నీ ఉన్నాయి. “సవరణ రాసిచ్చి వెళ్ళండి” అంది.

అతను రాశాడు. ‘పొరపాటు నాది’ అని రాస్తే ఆవిడ ‘మాది’ అని దిద్దింది.

కొట్టులో అక్క అట్టపెట్టెలు పేరుస్తోంది. తన దగ్గర ఇంకో జత తాళాలున్నాయని రెండు రోజుల ముందే మొదలుపెట్టింది. అమ్మ స్టూలు మీద కూర్చుని, సీసాలోంచి గుప్పెడు బొత్తాలు తీసి రంగులవారీగా సర్దుతోంది. తారీఖులయ్య గుమ్మంలో నిలబడి ఎలా మొదలుపెట్టాలో తెలియక అచ్చుయంత్రంతో మొదలుపెట్టాడు.

“అమ్మా, అప్పట్లో మా యంత్రం విరిగింది. మూడు రోజులు పేపరు రాలేదు. పద్దెనిమిదిన వచ్చింది. నేను ఒకటే తీసేశాను, నాలుగు తియ్యాల్సింది...”

“ఒరే, ఎండలో వచ్చావా?” అంది అక్క. “ఏం మాట్లాడుతున్నావురా?”

“పద్నాలుగేనే అక్కా! నాన్న పోయింది పద్నాలుగునే. అమ్మకేం కాలేదు. మతిపోయింది నాకు.”

అక్క చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. అమ్మ మాత్రం బొత్తాలు ఆపలేదు. “నాకు తెలుసు” అంది.

“తెలిస్తే ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“చెప్పాను కదరా, మొదటిరోజే. గుర్తులేదన్నావు.” ఒక తెల్ల బొత్తాన్ని వెలుగులో పెట్టి చూసింది. “అచ్చులో వేసుకుని ఎంత సంబరంగా తెచ్చావో. నాన్న మొహం కూడా ఎరగనివాడివి. నీకంటూ ఒక రోజు దొరికింది. అది తప్పని ఎలా గొడవపడను?”

“మరి డాక్టరు దగ్గర?”

“డాక్టరుకి అబద్ధం చెప్పకూడదంటారుగా.”

అక్క ముందు నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. “అయితే నీకు మతిమరుపు లేనట్టేనా అమ్మా?”

“ఎందుకు లేదే? పొద్దుణ్ణించీ కళ్ళజోడు కనపడటం లేదు.”

కళ్ళజోడు తలమీదే ఉంది. తీసివ్వాలో వద్దో అక్కకి తెలియలేదు. ఇస్త్రీపెట్టె సంగతి ఇంకా ఆవిడ మనసులో ఉంది కాబట్టి, రోజూ సాయంత్రం తనే వచ్చి స్విచ్చి చూస్తానంది. సర్దిన పెట్టె మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది.

తారీఖులయ్య తాళాల తాడు తీసి, అమ్మ మెళ్ళో తనే వేశాడు. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

“రేపు కొట్టు ఉండదు” అంది అమ్మ.

“రేపెందుకమ్మా? రేపు పదిహేడు. రేపు ఏ రోజూ కాదు.”

“ఏ రోజూ కాకపోవడమేమిటి? ఇరవై రెండేళ్ళుగా నువ్వొచ్చి నా పక్కన కూర్చునే రోజు. ఆయన ఎలాగూ దొరకలేదు. దొరికింది తారీఖొక్కటే. అందుకే పద్నాలుగున ఆయన కోసం నేనొక్కదాన్నీ కూర్చుంటాను, పదిహేడున నువ్వొస్తావని కూర్చుంటాను. ఇప్పుడు ఏది మానెయ్యమంటావు?”

మూడువందల అరవై ఆరు అరల్లో దేనిలోనూ దానికి జవాబు లేదు. ఎన్నడూ ఎవర్నీ అడగనిది అడిగాడు.

“పద్నాలుగున ఎన్నింటికి మూస్తావమ్మా?”

“అయిదుంబావుకి” అంది అమ్మ. “మీ నాన్న ఆఖరి టికెట్టు కొట్టే టైముకి.”

తారీఖులయ్య జేబులోంచి ఖాళీ కార్డు తీసి ఆ టైము రాసుకున్నాడు.