గడ్డి దుడ్డె

మా అత్త లక్ష్మీనర్సమ్మ ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, నన్ను గడప ముందు కూర్చోబెట్టి, నొసటన రూపాయి బిళ్ళంత బొట్టు పెడుతుంది. మొగుడు పోయిన ఆడదాని బొట్టు చెరుపుతుంటే గుండెలు బాదుకునేవాళ్ళను చూశాను. బొట్టు పెడుతుంటే ఏడుపొచ్చి, ఆ ఏడుపును గుటక వేసి మింగేది మాత్రం మా ఊళ్ళో నేనొక్కదాన్నే.

"మొఖం గట్ల పెట్టకు పిల్లా. వాడు వచ్చేసరికి కళగ ఉండాలె" అంటుంది.

వాడంటే దామోదర్. ఆమె కొడుకు, నా మొగుడు. షాద్‌నగర్ అవతల ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. పోయిన ఎండాకాలం అక్కడ రియాక్టర్ పేలి షెడ్డు మొత్తం అంటుకుంది. కొందరి శవాలు దొరికాయి, కొందరివి సగం దొరికాయి. దామోదర్‌ది ఏదీ దొరకలేదు. షెడ్డులోకి పోతుంటే చూసినవాళ్ళున్నారు, బయటికొస్తుంటే చూసినవాళ్ళు లేరు. చనిపోయినట్టే అనుకోండని కంపెనీవాళ్ళు చెప్పారు. అత్త ఒక్కటే మాట అడిగింది: "ఏడి, చూపియ్యిండ్రి." చూపించడానికి ఏముంది? అందుకని మా ఇంట్లో చావు జరగలేదు. దినాలు లేవు, పిండం లేదు.

చావు జరగని ఇంట్లో ఏడవడం తప్పు. మొదట్లో ఒకసారి గొంతెత్తి ఏడిస్తే అత్త పరుగున వచ్చి అరచేత్తో నా నోరు మూసింది. "బతికున్నోనికి శోకం పెడ్తే ఆయుష్షు తగ్గుతది. వాన్ని సంపుతవా?" అంది. ఆ తర్వాత కట్టెల పొయ్యి దగ్గర పొగ సాకు చూసుకుని కళ్ళు తుడుచుకునేదాన్ని. అత్త కనిపెట్టింది. వంట గ్యాసు మీదే చేయమంది. గ్యాసుకు పొగ రాదు కదా.

మా మామ మల్లప్ప పని నయం. ఆయనకు గొర్రెల మంద ఉంది, మంద వెనక అడవి ఉంది. అచ్చంపేట వైపు గట్లలో పగలంతా గొర్రెలు మేపుతాడు, పొద్దుగూకేసరికి ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొస్తాడు. అత్త తేరిపార చూస్తే "గాలికి దుమ్ము పడ్డదే" అంటాడు. ఆ దుమ్మును చూసి నాకు కుళ్ళు పుట్టేది. ఏ గొర్రే ఆయన నోరు మూయలేదు.

కుండకు మూకుడుంటుంది గాని ఊరి నోటికి ఉండదు. మా కులంలో మారుమనువుకు అడ్డంకి లేదు కాబట్టి, నేను దానికోసమే కాచుక్కూర్చున్నానని, అత్త ఒప్పుకోక కట్టేసిందని అనుకున్నారు. మా అమ్మ కూడా వచ్చి గుట్టుగా అడిగింది, ఎవరినైనా చూడమంటావా అని. నాకు ఒళ్ళు మండింది. నాకు మొగుడు కావాలని ఎవరన్నారు? నాకు ఏడుపు కావాలి. పోయినవాడి పేరు పెట్టి, నేలమీద పడి, కడుపులో ఉన్నదంతా పోయేదాకా ఏడవాలి. తిండి పెట్టే ఇంట్లో అది ఒక్కటీ దొరకలేదు.

అట్లా ఉండగా మా బర్రె ఈనింది. దుడ్డె బలహీనంగా పుట్టి, నాలుగు రోజులు చన్ను చీకి చచ్చిపోయింది. దుడ్డె లేకపోతే బర్రె చేపదు, పొదుగులో పాలున్నా కిందికి వదలదు. దూరం నుంచి చేయి చూపిస్తేనే కాలు విసురుతోంది. మా వైపు దీనికో ఉపాయం ఉంది. చచ్చిన దుడ్డె తోలు ఒలిచి, లోపల గడ్డి కూరి, కుట్టి, నాలుగు కట్టెలు కాళ్ళుగా పెట్టి బర్రె ముందు నిలబెడతారు. మీద ఉప్పునీళ్ళు చల్లితే బర్రె దాన్ని నాకుతుంది, నాకుతూ పాలు వదులుతుంది.

తోలు ఒలవడానికి అత్త ఏసోబును పిలిపించింది. ఏసోబు చర్చి వాడలో ఉంటాడు. ఆయన కొడుకు బెంజమిన్, దామోదర్ ఒకే షిఫ్టు. ఒకే మోటార్ సైకిల్ మీద డ్యూటీకి పోయేవాళ్ళు. ఏసోబు వచ్చి, దుడ్డెను చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాతోని కాదు నర్సక్కా."

"ఎందుకు గాదు? మీ నాయిన ఎన్ని ఒలిచిండు."

"మా నాయిన ఒలిచిండు. నేను ఒల్వ. సచ్చినదాన్ని బత్కినట్టు నిలవెట్టుడు నాకు మంచిగనిపిస్తలేదు." నా వైపు చూడకుండా మళ్ళీ అన్నాడు. "మా బెంజమిన్‌ది బూటు ఒక్కటే దొరికింది. దాన్నే పెట్టెల వెట్టి, పాస్టరుతోని ప్రార్థన చేయించి పూడ్చినం. గా దినం నా పెండ్లాం ఏడ్సిన ఏడ్పుకు వాడకట్టంత లేసింది. గని గా రాత్రి అన్నం తిన్నది. ఇప్పుడు జర నవ్వుతున్నది గూడ."

"నీ కొడుకు పోయిండు, ఏడ్సినవ్. నా కొడుకు యాడికీ పోలే" అంది అత్త. ఏసోబు వెళ్ళిపోయాడు. వాళ్ళ ఇంట్లో ఏడ్చి, తిని, నవ్వుతున్నారని విని నేను అసూయతో చచ్చాను. బూటు దొరికినవాళ్ళు కూడా అదృష్టవంతులేనా అనిపించింది.

చివరికి మామే తోలు ఒలిచాడు. అత్త గోనెసంచి సూదితో కుట్టింది. కళ్ళ దగ్గర మాత్రం ఎంత కుట్టినా సొట్టలే మిగిలాయి. బర్రె మొదట వాసన చూసింది, తర్వాత నాకింది, తర్వాత చేపింది. చెంబు నిండుతుంటే అత్త మొహం వెలిగిపోయింది.

"చూసినవా పిల్లా, నమ్మింది."

ఆ శుక్రవారం అత్త నాకు బొట్టు పెడుతుంటే, ఆమె భుజం మీదుగా పశువుల పాక కనిపించింది. బర్రె గడ్డి దుడ్డె నొసలు నాకుతోంది. అత్త బొటనవేలు నా నొసట తిరుగుతోంది. ఈ ఇంట్లో గడ్డి దుడ్డెలు రెండున్నాయని అప్పుడు తెలిసింది. నాలో ఉన్నదంతా తీసేసి గడ్డి కూరారు. నా కళ్ళు కూడా సొట్టలే.

వానలు పడ్డాయి. పాక కురిసి గడ్డి దుడ్డె నానింది, కంపు మొదలైంది. ఇరుగుపొరుగు ముక్కు మూసుకుంటున్నారు. అత్తకు మాత్రం వాసన తెలియలేదు, లేదా తెలియనట్టు ఉంది. ఒకరోజు పొద్దున పాలు పిండుదామని ఇద్దరం పాకలోకి పోయాం. కడుపు దగ్గర కుట్టు పిగిలి గడ్డి బయటికొచ్చింది. బర్రె ఆ కడుపులో మూతి పెట్టి, గడ్డి లాగి లాగి తీరిగ్గా నములుతోంది. పొదుగు నుంచి పాలు వాటంతటవే కారుతున్నాయి.

అత్త కాసేపు నమ్మలేనట్టు చూసింది. తర్వాత మూలనున్న కట్టె తీసి బర్రెను కొట్టింది. "నువ్వు తల్లివేనా? బిడ్డ కడుపుల గడ్డి తింటవా?" అంటూ కొడుతూనే ఉంది. బర్రె దెబ్బలు తింటూ నెమరేసింది. నేను కట్టె పట్టుకున్నాను.

"దానికి ఎప్పుడో తెలుసు అత్తమ్మా. పొదుగు బరువుకు ఓర్వలేక నాకింది. అది బిడ్డ గాదని దానికి తెల్వదా?"

అత్త కట్టె వదిలేసి పేడలోనే కూలబడింది. తల ఎత్తకుండానే అడిగింది.

"నాకు తెల్వదనుకున్నవా?"

నా చేతిలో మిగిలిన కట్టెను మూలకు విసిరాను.

"కంపెనీ గేటుకాడనే తెలిసింది. కన్నదాన్ని, తెల్వదా? పోయిండని నోటితోని అంటే నువ్వు మీ అమ్మగారింటికి పోతవ్. నువ్వు గూడ పోతే ఈ ఇంట్ల వాడు ఉన్నట్టు ఆనవాలేం మిగుల్తది?"

ఇన్నాళ్ళూ ఆమెను పిచ్చిదనుకుని జాలిపడ్డాను. పిచ్చిది కాదు, తెలిసే నన్ను కట్టేసింది. నాకు ఆమె మీద జాలి పోయి కోపం వచ్చింది. ఆ కోపంలోనే నిజం చెప్పాను.

"పోతనో ఉంటనో నాకే తెల్వదు అత్తమ్మా. ఉంటనని ఒట్టు పెట్టమంటే పెట్ట. ముందుగాల నన్ను ఏడ్వనియ్యి."

అత్త నా మొహం వైపు చూసింది. దుడ్డె కంపు కొడుతున్న చేతుల్ని చీరకు తుడుచుకుంది. కొంగు తడిచేసి, నా నొసటి బొట్టు తనే మెల్లగా తుడిచింది.

"పోయిండు బిడ్డా. నా దాము పోయిండు."

ఆ మాట వినగానే నా గొంతు నాది కాకుండా పోయింది. ఆమె నా నోరు మూయలేదు, నా మెడ పట్టుకుని తానూ ఏడ్చింది. అతను తిట్టిన తిట్లు, తెచ్చిన మల్లెపూలు, చెప్పకుండా చేసిన తప్పులు అన్నీ చెప్పుకుంటూ ఏడ్చాం. వింటే తప్పుపడతారు గాని, పెళ్ళినాడు కూడా నాకంత సుఖం కలగలేదు. గొర్రెలు తోలుకుపోవడానికి బయల్దేరిన మామ శోకం విని ఆగిపోయాడు. గొంగడి కింద వేసి, వాకిట్లో కూర్చుని, ఇంటి ముందే ఏడ్చాడు.

చేను గట్టున ఏసోబు వచ్చి తానే గుంట తవ్వాడు. దామోదర్ అంగి ఒకటి అందులో పెట్టి మన్ను కప్పాం. గడ్డి దుడ్డెను వేరేచోట పూడ్చాం.

బర్రె మాత్రం అరిచింది. పొదుగు రాయయింది. ఇంకో దుడ్డెను తెచ్చి కట్టమని పక్కింటి అండాలు సలహా ఇచ్చింది. అత్త ఒప్పుకోలేదు.

"వద్దు. పిండినకొద్ది పాలు మళ్ళ వస్తయి. జర నొయ్యనియ్యి, నొస్తెనే వట్టిపోతది" అంది. పొద్దూమాపూ వేడినీళ్ళ గుడ్డతో పొదుగు కాపింది. అది అరిచినప్పుడల్లా అత్త కూడా ఏడ్చింది. మెల్లగా పొదుగు మెత్తబడింది, బర్రె మేత ముట్టింది.

శుక్రవారం వచ్చింది. గడప ముందు కూర్చోమని ఎవరూ పిలవలేదు. నేను కట్టెల పొయ్యి మీద చాయ్ పెట్టాను. ఇంట్లో పాలు లేవు, చక్కెర అడుగంటింది. నల్లటి చాయ్ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి అత్తకిచ్చి పక్కనే కూర్చున్నాను. అమ్మ మళ్ళీ ఫోన్ చేసిందని, ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదని చెప్పాను. అత్త తలూపింది. పొగకు ఇద్దరి కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి.

నేను ఒక గుటక తాగి మొహం చిట్లించాను.

"చేదున్నదా?" అంది అత్త.

"ఉన్నది."

"తాగు బిడ్డా. సల్లారితే ఇంకా చేదయితది."